రెండు పన్నులు, ఒక ఊపిరి

తెలుగులో పన్ను అన్న మాటకు రెండు అర్థాలు. ఒకటి నోట్లో ఉండేది, మరొకటి ఖజానాకు కట్టేది. 2025 సెప్టెంబరు 3న ఢిల్లీలో సమావేశమైన జీఎస్టీ మండలి ఆ రెండు అర్థాలనూ ఒకే రోజున కలిపింది. టూత్‌బ్రష్ మీద, టూత్‌పేస్ట్ మీద పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. అదే సమావేశంలో బీడీ మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి, బీడీ చుట్టే తునికాకు మీద పన్నును 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. సిగరెట్టుకూ గుట్కాకూ 40 శాతం ఖాయం చేసిన మండలికి బీడీ మాత్రం పేదవాడి వస్తువుగా, లక్షలాది కార్మికుల కూటి ఆధారంగా కనబడింది. అమలు తేదీలు వేరైనా నిర్ణయాలు ఒకే బల్ల మీద జరిగాయి. నోటిని శుభ్రం చేసే వస్తువుకూ, నోటినీ ఊపిరితిత్తులనూ ఒకేసారి చెరిచే వస్తువుకూ ఒకే రోజున రాయితీ దక్కింది.

ఈ నిర్ణయంపై రాజకీయ చర్చ జరగకపోలేదు. బీడీనీ బిహార్‌నూ ఒకే అక్షరానికి ముడిపెడుతూ కాంగ్రెస్ కేరళ శాఖ సామాజిక మాధ్యమంలో పెట్టిన వ్యాఖ్య, ఎన్నికల ముంగిట ఉన్న బిహార్‌లో దుమారం రేపింది. ఆ వ్యాఖ్యను తొలగించక తప్పలేదు. ఒక రాష్ట్ర ఆత్మగౌరవం గురించి, కార్మికుల ఉపాధి గురించి, ఓట్ల లెక్కల గురించి రోజుల తరబడి మాటలు నడిచాయి. బీడీ కాల్చేవాడి ఛాతీ గురించి ఆ గోలలో దాదాపు ఏమీ వినబడలేదు. అతని పళ్ల సంగతి సరేసరి.

ఆ ఛాతీ లెక్క చిన్నది కాదు. శ్వాసనాళాలు క్రమంగా ఇరుకై, ఊపిరితిత్తుల్లోని గాలి గదులు చెడి, పీల్చిన గాలి పూర్తిగా బయటకు రాని జబ్బును వైద్యులు సీఓపీడీ అంటారు. పల్లెల్లో దానికి దమ్ము అనో, ఆయాసం అనో పేరు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడిన రాష్ట్రాలవారీ వ్యాధిభార అధ్యయనం ప్రకారం భారతదేశంలో సీఓపీడీ రోగుల సంఖ్య 1990లో 2.81 కోట్లు, 2016 నాటికి 5.53 కోట్లు. ప్రపంచ జనాభాలో భారత్ వాటా 18 శాతం. దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల వల్ల ప్రపంచం కోల్పోతున్న ఆరోగ్యకరమైన జీవిత సంవత్సరాల్లో మాత్రం దాని వాటా 32 శాతం. ఏటా నవంబరులో ఢిల్లీ ఆకాశం బూడిద రంగుకు తిరిగినప్పుడు దేశ రాజకీయాలకు ఊపిరితిత్తులు గుర్తుకొస్తాయి. కట్టెల పొయ్యి ముందు ముప్పై ఏళ్లు కూర్చున్న స్త్రీకీ, రోజుకు రెండు కట్టల బీడీలు కాల్చే కూలీకీ ఏడాదిలో పన్నెండు నెలలూ నవంబరే.

ఈ జబ్బును గురించి మాట్లాడేటప్పుడు పొగ గురించి, ధూళి గురించి, వంటచెరకు గురించి చెబుతారు. అది న్యాయమే. 2016లో బలియాలో మొదలైన ఉజ్జ్వల పథకానికి ఆ మేరకు వైద్యపరమైన అర్థం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత నాటికి కూడా శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్లు 58.6 శాతమే అన్నది అంతే ముఖ్యమైన విషయం. అయితే ఊపిరితిత్తులకు చేరేది పొగ ఒక్కటే కాదు. నోట్లో ఉన్నది కూడా చేరుతుంది.

ముక్కు, నోరు, గొంతు, శ్వాసనాళం ఒకే దారిలోని మలుపులు. నిద్రలో ప్రతి మనిషి గొంతులోకీ కొంత లాలాజలం జారుతుంది. ఆరోగ్యవంతుల్లో సైతం దాదాపు సగం మందిలో అందులో లేశమాత్రం శ్వాసనాళంలోకి చేరుతుందని పరిశోధనల్లో తేలింది. దృఢమైన శరీరం దాన్ని దగ్గుతో, శ్వాసనాళపు సన్నని నూగు కదలికతో బయటకు తోసేస్తుంది. పొగకు గురై ఆ నూగు చచ్చిపోయిన సీఓపీడీ రోగి శరీరానికి ఆ శక్తి తక్కువ. జారిన లాలాజలంలో ఏముందన్నదే అప్పుడు అసలు ప్రశ్న. పళ్ల మీద పేరుకున్న పాచి సూక్ష్మజీవుల కాలనీ. అది గట్టిపడి గారగా మారి, చిగుళ్లు వాచి, రక్తం కారి, పంటికీ చిగురుకీ మధ్య గుంటలు ఏర్పడితే ఆ గుంటల్లో మరింత హానికరమైన జీవులు స్థిరపడతాయి. మంచాన పడ్డవారిలో, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవారిలో న్యుమోనియా కలిగించే సూక్ష్మజీవులే పాచిలో కాపురం పెడతాయి. పైగా చిగుళ్ల వాపు నోటికే పరిమితం కాదు. అక్కడ పుట్టే వాపు రసాయనాలు రక్తంలో కలుస్తాయి. ఆ జబ్బు మనిషికి ఊపిరితిత్తుల్లో అప్పటికే అదే రకం మంట రగులుతూ ఉంటుంది.

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడవలసిన అవసరం ఉంది. చిగుళ్ల జబ్బు సీఓపీడీని పుట్టిస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలను విశ్లేషించిన పరిశోధకులు పళ్లు చెడినవారిలో ఊపిరితిత్తుల శక్తి తక్కువగా ఉందని చూపారు. అయితే పొగాకు రెండింటికీ ఉమ్మడి శత్రువు, పేదరికం రెండింటికీ ఉమ్మడి నేపథ్యం. ఆ రెంటినీ లెక్కలోంచి పూర్తిగా తీసేయడం కష్టం. ఉన్న జబ్బు విషమించకుండా నోటి శుభ్రత ఆపగలదా అన్నది వేరే ప్రశ్న. దానికి దొరికిన సమాధానాలు చిన్నవైనా ఆశాజనకమైనవి. 2014లో ప్రచురితమైన ఒక చైనా అధ్యయనంలో చిగుళ్ల వ్యాధి ఉన్న 60 మంది సీఓపీడీ రోగులను రెండేళ్లు గమనించారు. గార తీసి చిగుళ్లకు చికిత్స చేసినవారిలో ఊపిరితిత్తుల పనితీరు మెరుగ్గా నిలిచింది, జబ్బు ఒక్కసారిగా విషమించడం తగ్గింది. 1999లో వెలువడిన జపాన్ అధ్యయనం 11 వృద్ధాశ్రమాల్లో జరిగింది. భోజనం తర్వాత సిబ్బంది పళ్లు తోమించిన వృద్ధుల్లో రెండేళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, అలా చేయని వారిలో 19 శాతం మందికి వచ్చింది. 2023 చివర జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రిక 15 పరీక్షలను కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. ఆసుపత్రిలో ఉన్నవారికి పళ్లు తోమిస్తే అక్కడ సంక్రమించే న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గుతుందని అందులో తేలింది. ఆ మేలు ప్రధానంగా వెంటిలేటర్ మీద ఉన్నవారిలో కనబడింది. టూత్‌బ్రష్ ఇన్‌హేలర్‌కు బదులు కాదు. అంత చవకైన వస్తువు ఈ మాత్రం చేయగలిగినా దాన్ని వాడకపోవడానికి కారణం వైద్యశాస్త్రంలో దొరకదు.

కారణం చరిత్రలో ఉంది. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో దంత వైద్యానికి ప్రత్యేక కళాశాల వెలిసింది. పళ్లు ఒక వృత్తికి, మిగిలిన శరీరం మరో వృత్తికి పంచబడ్డాయి. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో నోటిలోని చీమే శరీరమంతటి రోగాలకు మూలమని హెచ్చరించాడు. ఆ వాదం వెర్రితలలు వేసింది. కీళ్ల నొప్పులకూ, మానసిక వ్యాధులకూ సైతం పళ్లు పీకించే కాలం వచ్చింది. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ సిద్ధాంతం వీగిపోయింది. అతిశయోక్తి వీగిపోతే దాని వెనుక ఉన్న చిన్న నిజం కూడా కొట్టుకుపోతుంది. నోటికీ శరీరానికీ సంబంధం అంటేనే వైద్యులు మొహం చిట్లించే అలవాటు అలా స్థిరపడింది.

స్వతంత్ర భారతం ఈ విభజనను చట్టంగా స్వీకరించింది. 1948 దంతవైద్యుల చట్టంతో ఏర్పడిన మండలి వైద్య మండలికి బయటే ఉండిపోయింది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం వచ్చినప్పుడు గోడను కొత్త ఇటుకలతో మళ్లీ కట్టారు. వృత్తికి ప్రత్యేక నియంత్రణ ఉండటంలో తప్పు లేదు. గోడకు తలుపు లేకపోవడమే నష్టం. దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి, వాటిలో అత్యధికం ప్రైవేటువే. ఏటా వేల మంది పట్టభద్రులు బయటకు వస్తున్నారు. వారిలో చాలామంది పట్టణాల్లో ఒకే వీధిలో పక్కపక్కనే బోర్డులు కట్టుకుని రోగుల కోసం ఎదురుచూస్తుంటే, మండల కేంద్రంలో గార తీయించుకోవలసిన మనిషి బస్సెక్కవలసి వస్తుంది.

పథకాల్లోనూ అదే గోడ. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014-15లో మొదలైంది. సీఓపీడీ అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కిందికి వస్తుంది. రెండూ ఒకే మంత్రిత్వ శాఖవి. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా పేరు మారిన ఉపకేంద్రంలో అందించవలసిన 12 రకాల సేవల జాబితాలో నోటి సంరక్షణ కూడా ఉంది. కాగితం మీద ఇవన్నీ ఒకే గుమ్మంలో కలుస్తాయి. రోగి మాత్రం రెండు వేర్వేరు వరుసల్లో నిలబడాలి.

డబ్బు లెక్క మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. 2018లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు హామీ ఇస్తుంది, కానీ ఆసుపత్రిలో చేరితేనే. దమ్ము ముదిరి, పెదవులు నీలమై, ఆక్సిజన్ పెట్టవలసిన స్థితిలో చేరిన మనిషికి ఆ హామీ వర్తిస్తుంది. ఆ స్థితి రాకుండా బయటి రోగిగా వెళ్లి చిగుళ్లు బాగుచేయించుకుంటే వర్తించదు. పార్లమెంటు సభ్యులకూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకూ వర్తించే సీజీహెచ్ఎస్‌లో మాత్రం పంటి చికిత్సలకు ధరల పట్టిక ఉంది. చట్టం చేసేవారి పళ్లు ఆరోగ్యంలో భాగం. చట్టం వర్తించేవారి పళ్లు సొంత ఖర్చు.

ఇది భారతదేశపు వింత మాత్రమే కాదు. బ్రిటన్‌లో 1948లో అందరికీ ఉచితంగా మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో మూడేళ్లు తిరగకముందే తొలి కోత పడింది కట్టుడు పళ్ల మీద, కళ్లద్దాల మీద. కొరియా యుద్ధ కాలపు ఆయుధ ఖర్చుకు డబ్బు వెదికిన ప్రభుత్వం వాటికి రుసుము పెట్టింది. ఆ సేవను నిర్మించిన అన్యూరిన్ బెవన్ 1951 ఏప్రిల్‌లో మంత్రి పదవిని వదులుకున్నాడు. కట్టుడు పళ్ల కోసం మంత్రివర్గాన్ని విడిచిన మనిషిని ఎగతాళి చేసినవారు ఉన్నారు. పళ్లను అలంకారమనుకునే రాజకీయానికి అది ఎగతాళిగానే తోస్తుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యాన్ని అసాంక్రామిక వ్యాధుల కార్యాచరణలో చేర్చాలని తీర్మానించింది. అంటే బెవన్ పట్టుబట్టిన విషయానికి అంతర్జాతీయ అంగీకారం రావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాల్లో ఈ కథ ఇంటి గడపలోనే కనబడుతుంది. స్త్రీ చాట ముందు వంగి కూర్చుని పొద్దున్నుంచి బీడీలు చుడుతుంది, పొగాకు ధూళిని పీలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛను బీడీ కార్మికులకూ వర్తింపజేసిందంటే ఆ వృత్తి మిగిల్చే శరీరం ఎలాంటిదో పాలకులకు తెలియకపోలేదు. ఆమె చుట్టిన బీడీ మరో జిల్లాలో, మరో రాష్ట్రంలో ఇంకో పేదవాడి నోట్లో వెలుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటుకూ అంగిటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యులు 1950ల్లోనే నమోదు చేశారు. పొగాకు మొదట తాకేది నోటినే. నోటిలో గుర్తు పట్టగలిగితే ఛాతీకి చేరేలోపు హెచ్చరించే వ్యవధి దొరుకుతుంది.

జబ్బు వచ్చాక నోరు మరింత నిర్లక్ష్యానికి గురవుతుంది. ఆయాసం ఉన్నవాడు నోటితో గాలి పీలుస్తాడు, నోరు ఎండిపోతుంది. శ్వాసనాళాలు విప్పార్చే కొన్ని మందులు కూడా లాలాజలాన్ని తగ్గిస్తాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది, అన్నం సహించదు. ఈ ఒక్క మాట చెప్పడానికి అరనిమిషం చాలు. నూరు మంది వేచి ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి గదిలో ఆ అరనిమిషమే దొరకదు. పళ్లు ఊడినవాడు జొన్నరొట్టె, పప్పుగింజలు, మాంసం మానేసి మెత్తటి అన్నం, చారు, గంజి మీద బతుకుతాడు. మాంసకృత్తులు తగ్గితే కండరం కరుగుతుంది. శ్వాసకు పనిచేసేదీ కండరమే. సీఓపీడీ రోగి బరువు తగ్గడం చెడు సూచన అని వైద్యులందరికీ తెలుసు. ఆ బరువు ఎందుకు తగ్గుతోందో తెలుసుకోవడానికి నోరు తెరిపించి చూసేవారు అరుదు. కట్టుడు పళ్లతోనే నిద్రపోయే వృద్ధులకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపని, 85 ఏళ్లు దాటిన 524 మందిని పరిశీలించిన జపాన్ అధ్యయనం 2015లో చెప్పింది. రాత్రి వాటిని తీసి కడిగి నీళ్లలో పెట్టడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు, చెప్పే మనిషి ఉండాలి. దంత వైద్యుడి దగ్గరకు వెళ్లినా చిక్కు తీరదు. ఆ కుర్చీలో వెల్లకిలా పడుకోబెడితే దమ్ము మనిషికి ఊపిరాడదు. కుర్చీని సగం ఎత్తి ఉంచాలని ఛాతీ వైద్యుడు ఒక చీటీ రాసి పంపితే చాలు. ఒకరి నుంచి మరొకరికి ఆ చీటీ వెళ్లే ఏర్పాటే లేదు.

చేయగలిగినవి ఎంత చిన్నవో చూస్తే ఈ నిర్లక్ష్యం మరింత బరువుగా తోస్తుంది. అసాంక్రామిక వ్యాధుల నమోదు పత్రంలో రక్తపోటు, చక్కెర పక్కన నోరు చూశారా అన్న ఒక గడి చేర్చవచ్చు. ఇన్‌హేలర్ ఇచ్చే చేతితోనే టూత్‌బ్రష్ ఇవ్వవచ్చు. జిల్లా ఆసుపత్రిలో ఛాతీ విభాగానికి వచ్చిన రోగిని అదే రోజు, అదే చీటీతో దంత విభాగానికి పంపవచ్చు. మంచాన ఉన్నవారికి పళ్లు తోమించడాన్ని నర్సుల దినచర్యలో ఐచ్ఛికంగా కాక విధిగా రాయవచ్చు. ఏటా బయటకు వచ్చే దంత వైద్య పట్టభద్రుల్లో కొందరికైనా సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉద్యోగాలు కల్పించవచ్చు.

డబ్బు ఎక్కడ నుంచి అని అడిగేవారికి బీడీ చరిత్రలోనే సమాధానం ఉంది. 1976 చట్టం కింద బీడీల మీద ప్రత్యేక సుంకం వసూలయ్యేది. ఆ నిధితో బీడీ కార్మికులకు వైద్యశాలలు నడిచాయి, పిల్లలకు ఉపకార వేతనాలు అందాయి. 2017లో జీఎస్టీ రాకతో ఆ సుంకం రద్దయింది. పన్ను చెల్లించిన పొగకూ, పొగ చెరిచిన శరీరానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క చట్టబద్ధమైన దారం అలా తెగింది. బీడీ మీద ఇప్పుడు వసూలయ్యే 18 శాతంలో ఒక చిన్న భాగాన్ని చుట్టేవారి, కాల్చేవారి నోటికీ ఊపిరికీ కేటాయిస్తామని జీఎస్టీ మండలిలో కూర్చున్న ఏ రాష్ట్ర ఆర్థికమంత్రి అయినా ప్రతిపాదించవచ్చు. పేదవాడి వస్తువని పన్ను తగ్గించినవారికి పేదవాడి పన్ను కాపాడే బాధ్యత కూడా ఉంటుంది. ఆ ప్రతిపాదన ఏ పార్టీ నుంచి మొదట వస్తుందో, రాకపోతే ఎందుకు రాలేదో, రాబోయే ఎన్నికల సభల్లో ఓటర్లు అడగదగిన ప్రశ్న.